కవరు సరే, ఇచ్చిందెవరు?

2019 ఏప్రిల్ 3. లోక్‌సభ ఎన్నికల ప్రచారం ఊపందుకున్న రోజులు. పట్నాలోని జేడీయూ (జనతాదళ్ యునైటెడ్) పార్టీ ఆఫీసుకు ఎవరో వచ్చి ఒక సీల్డు కవరు ఇచ్చి వెళ్లారు. విప్పి చూస్తే లోపల పది ఎలక్టోరల్ బాండ్లు, అంటే పార్టీలకు చందాగా ఇవ్వడానికి బ్యాంకులో కొనే పత్రాలు, ఒక్కొక్కటి కోటి రూపాయలది. ఇచ్చినవాళ్లెవరో తమకు తెలియదని, తెలుసుకునే ప్రయత్నం కూడా చేయలేదని ఆ పార్టీ తర్వాత ఎన్నికల సంఘానికి రాసిచ్చింది. పెళ్లిలో నూటపదహార్లు చదివించినా పక్కన ఒకరు కూర్చుని ఇంటిపేరుతో సహా పుస్తకంలో రాసుకుంటారు. పది కోట్లకు మాత్రం ఆ పుస్తకం లేదు.

అది చట్టవిరుద్ధం కూడా కాదు. అప్పటికి అమల్లో ఉన్న పథకం ప్రకారం ఇచ్చినవాళ్ల పేరు పార్టీ రాసుకోనక్కర్లేదు, ఎన్నికల సంఘానికి చెప్పనక్కర్లేదు. రాజకీయాల్లో నల్లధనం గురించి మాట్లాడేటప్పుడు రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. డబ్బుకు పన్ను కట్టారా లేదా అన్నది ఒకటి. ఆ డబ్బు ఎవరిది, ఎందుకిచ్చారు అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు జవాబు చెబుతున్నామంటూ రెండో ప్రశ్నను పక్కకు నెట్టిన ప్రయోగం పేరే ఎలక్టోరల్ బాండ్లు. ఆరేళ్ల తర్వాత సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అయినా ఆ రెండో ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

2017 ఫిబ్రవరి 1 బడ్జెట్ ప్రసంగంలో అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ ఈ బాండ్లను ప్రకటించారు. 2018 జనవరి 2న పథకం నోటిఫై అయింది. వెయ్యి, పది వేలు, లక్ష, పది లక్షలు, కోటి రూపాయల బాండ్లు. అమ్మేది స్టేట్ బ్యాంకు ఒక్కటే, అదీ కొన్ని ఎంపిక చేసిన బ్రాంచీల్లో, ఏడాదికి నాలుగుసార్లు పది రోజుల చొప్పున. కొన్నాక పదిహేను రోజుల్లో పార్టీ తన ఖాతాలో వేసుకోవాలి. నోట్లతో కొనడం కుదరదు, కేవైసీ ఉన్న బ్యాంకు ఖాతా నుంచే కట్టాలి. కాబట్టి పార్టీలకు చేరేది తెల్లడబ్బే అని ప్రభుత్వం చెప్పింది.

ఆ మాటలో సగం నిజం ఉంది. కొన్నవాడి ఖాతాను బ్యాంకు చూస్తుంది. అయితే బాండు మీద పేరు ఉండదు. నోటు లాగే ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే. కొన్నవాడు దాన్ని ఇంకొకరికి నగదుకు అమ్మేసినా, ఆ ఇంకొకరు పార్టీకి ఇచ్చినా, కాగితం మీద కనిపించేది మొదటి మనిషే. బాండ్లు డబ్బు అక్రమ చలామణికి దారి తీయవచ్చని, మొదట కొన్నవాడి వివరాలు తప్ప మధ్యలో చేతులు మారిన సంగతి తెలియదని రిజర్వు బ్యాంకు 2017 జనవరిలోనే ప్రభుత్వానికి రాసింది. అదే ఏడాది మే నెలలో ఎన్నికల సంఘం కూడా లేఖ రాసింది. చందాలివ్వడం కోసమే డొల్ల కంపెనీలు పుట్టుకొస్తాయని హెచ్చరించింది. రెండు అభ్యంతరాలూ ఫైళ్లలోనే ఉండిపోయాయి.

ఎన్నికల సంఘం భయానికి కారణం బాండ్లు మాత్రమే కాదు, వాటితో పాటే వచ్చిన సవరణలు. అంతకుముందు ఒక కంపెనీ తన గత మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదు. ఎవరికి ఎంతిచ్చిందో లాభనష్టాల ఖాతాలో రాయాలి. 2017 ఆర్థిక చట్టం ఆ పరిమితిని ఎత్తేసింది, పార్టీ పేరు రాయాలన్న నిబంధననూ తీసేసింది. దాంతో నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వొచ్చు. లాభమే లేని కంపెనీ కోట్లు చందా ఇచ్చిందంటే ఆ డబ్బు దానిది కాదని అనుమానించడానికి చార్టర్డ్ అకౌంటెంటు కానక్కర్లేదు. పైగా ఈ మార్పులన్నీ ద్రవ్య బిల్లు రూపంలో వచ్చాయి. అంటే రాజ్యసభకు వాటిని ఆపే అధికారం లేదు.

బాండు మీద పేరు లేదు కానీ, నంబరు ఉంది. మామూలు వెలుతురులో కనిపించదు. 2018లో ఒక జర్నలిస్టు వెయ్యి రూపాయల బాండ్లు రెండు కొని ఫోరెన్సిక్ ల్యాబులో పరీక్ష చేయిస్తే, అతినీలలోహిత కాంతి కింద అక్షరాలు, అంకెలు కలిసిన ఒక నంబరు బయటపడింది. నకిలీలు రాకుండా పెట్టిన భద్రతా గుర్తు మాత్రమేనని, దాన్ని కొన్నవాళ్ల పేరుతో ముడిపెట్టి ఎక్కడా రాయడం లేదని ఆర్థిక శాఖ వివరణ ఇచ్చింది. 2024లో కోర్టు గట్టిగా అడిగితే తేలిందేమిటంటే, స్టేట్ బ్యాంకు దగ్గర ఆ నంబర్లన్నీ ఉన్నాయి. కొన్నవాళ్ల వైపూ ఉన్నాయి, సొమ్ము చేసుకున్న పార్టీల వైపూ ఉన్నాయి. రెండిటినీ పక్కపక్కన పెడితే ఎవరి బాండు ఎవరికి చేరిందో ఇట్టే తెలిసిపోతుంది.

పేరు ఎందుకు దాచాలి అన్నదానికి ప్రభుత్వం చెప్పిన కారణం ఆసక్తికరమైనది, పూర్తిగా కొట్టిపారేయలేనిది. ఫలానా పార్టీకి చందా ఇచ్చానని తెలిస్తే ఇంకో పార్టీ కక్ష కడుతుందని వ్యాపారులు భయపడతారు. ఆ భయంతోనే నోట్ల సంచులు ఇస్తారు. పేరు దాచిపెడితే బ్యాంకు ద్వారా ఇస్తారు. మన రాష్ట్రాల్లో ప్రభుత్వం మారగానే ఎవరి బిల్లులు ఆగుతాయో, ఎవరి టెండర్లు రద్దవుతాయో చూస్తున్న ఏ కాంట్రాక్టరైనా ఈ వాదనకు తలూపుతాడు.

చిక్కేమిటంటే, పేరు దాచింది ఎవరి నుంచి? స్టేట్ బ్యాంకు ప్రభుత్వ బ్యాంకు. కోర్టు ఆదేశిస్తే, దర్యాప్తు సంస్థ కేసు నమోదు చేస్తే వివరాలు ఇవ్వాలని పథకంలోనే ఉంది. కక్ష తీర్చుకోగల శక్తి ఎవరికుందో వాళ్లకే తెలుసుకునే వీలూ ఉంది. ఇచ్చినవాడు తానే వెళ్లి పార్టీ పెద్ద చెవిలో చెబుతాడు, చెప్పకపోతే ఇచ్చి ప్రయోజనమేముంది? ఇక తెలియనిది ప్రతిపక్షానికి, ఓటరుకు. భయపెట్టేవాడికి కనబడుతూ, ఓటేసేవాడికి మాత్రం కనబడని గోప్యత ఇది.

2024 ఫిబ్రవరి 15న ప్రధాన న్యాయమూర్తి డి.వై.చంద్రచూడ్ నేతృత్వంలోని అయిదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం ఏకగ్రీవంగా పథకాన్ని కొట్టేసింది. పార్టీకి డబ్బెవరిస్తున్నారో తెలుసుకోవడం రాజ్యాంగంలోని 19(1)(ఏ) అధికరణ కింద ఓటరు హక్కు అని చెప్పింది. తీర్పులో జనం అంతగా గమనించని భాగం ఒకటుంది. చిన్న మనిషి తన ఇష్టమైన పార్టీకి ఇచ్చుకునే చందా అతని రాజకీయ అభిప్రాయం లాంటిది, దానికి గోప్యత ఉండొచ్చని కోర్టు ఒప్పుకుంది. కంపెనీ ఇచ్చే కోట్లు అలాంటివి కావు, అది ఎక్కువగా వ్యాపార లావాదేవీ. అందుకే లాభంతో సంబంధం లేకుండా కంపెనీలు ఎంతైనా ఇవ్వొచ్చన్న సవరణనూ రద్దు చేసింది. 7.5 శాతం పరిమితి, ఎవరికిచ్చారో రాయాలన్న నియమం తిరిగి వచ్చాయి.

మార్చి 6 లోపు వివరాలివ్వమంటే స్టేట్ బ్యాంకు జూన్ 30 దాకా గడువు అడిగింది. అంటే లోక్‌సభ ఎన్నికలు అయిపోయాక. కోర్టు ఒప్పుకోలేదు. మార్చి 12న బ్యాంకు వివరాలిచ్చింది, 14న ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో పెట్టింది. తీరా చూస్తే కొన్నవాళ్ల జాబితా ఒకటి, సొమ్ము చేసుకున్న పార్టీల జాబితా ఇంకొకటి, రెండిటికీ మధ్య లంకె లేదు. కోర్టు మళ్లీ కల్పించుకుంటే గానీ ఆ దాగిన నంబర్లు బయటికి రాలేదు. మార్చి 21 సాయంత్రం నుంచి దేశమంతా ఎక్సెల్ షీట్లు ముందేసుకుని కూర్చుంది.

ఆ జాబితాలో మొదటి పేరు ఒక లాటరీ కంపెనీది. ఫ్యూచర్ గేమింగ్ అనే ఆ సంస్థ 1,368 కోట్ల రూపాయల బాండ్లు కొంది. రెండో స్థానం హైదరాబాద్ కేంద్రంగా ఉన్న మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. పార్టీల వైపు చూస్తే బీజేపీ దాదాపు 6,060 కోట్లతో అందరికన్నా ముందుంది. తృణమూల్ 1,609 కోట్లు, కాంగ్రెస్ 1,421 కోట్లు. ఒక్క రాష్ట్రానికే పరిమితమైన బీఆర్ఎస్ 1,214 కోట్లతో కాంగ్రెస్‌కు దగ్గర్లో నిలిచింది. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 337 కోట్లు, తెలుగుదేశానికి 218 కోట్లు వచ్చాయి. లాటరీ కంపెనీ డబ్బు ఎక్కువగా చేరింది తృణమూల్, డీఎంకే పార్టీలకు. కేంద్రంలో ఎవరున్నారో, రాష్ట్రంలో ఎవరున్నారో చూసి చందా ఇస్తారు గానీ సిద్ధాంతం చూసి కాదని అర్థం కావడానికి ఇంతకన్నా వివరంగా చెప్పనక్కర్లేదు. ఎక్కడ కుర్చీ ఉంటే అక్కడికి డబ్బు నడిచింది.

కొన్ని కంపెనీల మీద ఈడీ, ఆదాయపు పన్ను దాడులు జరిగిన తేదీలు, అవి బాండ్లు కొన్న తేదీలు దగ్గర దగ్గరగా ఉండటం, కొన్నిటికి పెద్ద కాంట్రాక్టులు దక్కిన కాలంలోనే బాండ్లు కొనడం పత్రికలు బయటపెట్టాయి. తేదీలు దగ్గరగా ఉన్నంత మాత్రాన క్విడ్ ప్రో కో, అంటే ఇచ్చిన చందాకు ప్రతిఫలం దక్కిందన్న మాట, రుజువైనట్టు కాదు. ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయాలన్న పిటిషన్లను 2024 ఆగస్టు 2న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అనుమానాలుంటే మామూలు చట్టాల ప్రకారం ఎవరి కేసు వాళ్లు చూసుకోవాలంది. తేదీలు మాత్రం అక్కడే ఉన్నాయి, చదువుకునేవాళ్లు చదువుకోవచ్చు.

రసీదు పుస్తకం మహిమ

బాండ్ల గొడవలో పడి పాత దారిని అందరూ మరిచిపోయారు. అసలు నల్లడబ్బు పార్టీ ఖాతాలోకి వచ్చే దారి అది. ప్రజాప్రాతినిధ్య చట్టం 29సీ ప్రకారం 20,000 రూపాయలకు మించి ఇచ్చినవాళ్ల పేర్లే ఎన్నికల సంఘానికి చెప్పాలి. అంతకు తక్కువైతే పేరు అక్కర్లేదు. 2017లో ఒక మార్పు చేశారు. 2,000 రూపాయలకు మించి నగదు తీసుకుంటే పార్టీకి పన్ను మినహాయింపు దక్కదు. నల్లధనానికి పెద్ద దెబ్బ అని అప్పట్లో చెప్పుకున్నారు.

లెక్క వేసి చూద్దాం. ఒకరు కోటి రూపాయల నోట్లు తెచ్చి పార్టీ ఆఫీసులో పెట్టారనుకుందాం. పాత నిబంధన ప్రకారం 19,999 రూపాయల చొప్పున రాస్తే 501 రసీదులు కావాలి. కొత్త నిబంధన ప్రకారం 1,999 చొప్పున రాస్తే 5,003 రసీదులు కావాలి. రసీదు పుస్తకాలు పదిరెట్లు ఎక్కువ పడతాయి, కాస్త చేతినొప్పి. కోటి రూపాయలు మాత్రం అంతే భద్రంగా లెక్కలోకి ఎక్కుతాయి. 20,000 లోపు ఇచ్చినవాళ్ల పేరు, చిరునామా రాసి ఉంచాలన్న నిబంధన ఆదాయపు పన్ను చట్టంలో కూడా లేదు కాబట్టి, ఆ 5,003 మంది ఎవరని అడిగే అవకాశమే లేదు. పార్టీ ఆదాయానికి ఎలాగూ పన్ను లేదు. లోపలికి నల్లగా వచ్చింది తెల్లగా బయటికి వెళ్తుంది.

కూపన్ల అమ్మకం మరో పద్ధతి. ఆడిట్ నివేదికల్లో కోట్ల రూపాయలు ఆ పద్దు కింద కనిపిస్తుంటాయి. ఎవరు కొన్నారంటే జవాబుండదు. బీఎస్పీ అయితే 20,000కు మించి ఇచ్చినవాళ్లు ఒక్కరూ లేరని ఏళ్ల తరబడి ప్రకటిస్తూ వచ్చింది. అన్నీ పేదల చిన్న చిన్న చందాలే అని ఆ పార్టీ వాదన. నిజమే కావొచ్చు. నిజమో కాదో తేల్చుకునే సాధనం ఎవరికీ లేకపోవడమే ఇక్కడ సమస్య. 20,000 పరిమితిని 2,000కు తగ్గించాలని, మొత్తం చందాల్లో నగదు 20 శాతం లేదా 20 కోట్లు, ఏది తక్కువైతే దానికి మించకూడదని ఎన్నికల సంఘం 2022లో ప్రతిపాదించింది. చట్టం మాత్రం మారలేదు.

దీనికి తలకిందులుగా, తెల్లడబ్బును నల్లగా మార్చే దుకాణాలు కూడా రాజకీయ పార్టీల పేరుతో నడిచాయి. దేశంలో రిజిస్టరైన పార్టీలు 2025 మధ్యకు 2,800కు పైనే. వీటిలో చాలా వాటికి జెండా ఉంది, లెటర్‌హెడ్ ఉంది, బ్యాంకు ఖాతా ఉంది. ఎన్నికల్లో పోటీ చేసిన దాఖలా లేదు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు పార్టీకి ఇచ్చిన చందా మొత్తానికీ మినహాయింపు దొరుకుతుంది. ఆ విధానంలో 30 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగి లక్ష రూపాయలు ఆన్‌లైన్లో ఇలాంటి పార్టీకి పంపితే, సెస్సుతో కలిపి 31,200 రూపాయల పన్ను మిగులుతుంది. ఆ పార్టీ తన కమీషన్ కోసుకుని మిగతాది నగదుగా వెనక్కి ఇచ్చేస్తుంది. కమీషన్ అయిదు వేలనుకుంటే, చందాదారుడికి చేతిలో 95 వేల నగదు, పైన పన్ను ఆదా. నష్టపోయింది ఖజానా ఒక్కటే. పుట్టింది 95 వేల లెక్కలేని నగదు.

ఈ చందాలు చూపించి రిటర్నులు వేసినవాళ్లలో ఐటీ ఉద్యోగుల నుంచి ప్రభుత్వ ఉద్యోగుల దాకా ఉన్నారు. రిటర్ను దాఖలు చేసి పెట్టే ఏజెంటే ‘రీఫండ్ ఎక్కువ ఇప్పిస్తా’ అని పార్టీ పేరు రాసేసిన సందర్భాలూ ఉన్నాయి. ఆదాయపు పన్ను శాఖ 2022లో ఒకసారి, 2025 జులైలో మరోసారి సోదాలు చేసింది. 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం 334 పార్టీలను, సెప్టెంబరులో మరో 474 పార్టీలను జాబితా నుంచి తీసేసింది. ఆరేళ్లుగా ఒక్క ఎన్నికలో కూడా పోటీ చేయకపోవడం ప్రధాన కారణం. దొంగ లెక్కలు రాసినందుకు తీసేయడం వేరు, పోటీ చేయనందుకు తీసేయడం వేరు. తప్పుడు మార్గంలో రిజిస్ట్రేషన్ పొందడం వంటి కొద్ది సందర్భాల్లో తప్ప పార్టీ రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం చట్టంలో స్పష్టంగా లేదు కాబట్టి, సంఘం ఇలా పక్కదారిన రావాల్సి వచ్చింది.

నలభై లక్షల కథ

ఇప్పటిదాకా చెప్పుకున్నది పార్టీలోకి వచ్చే డబ్బు గురించి. బయటికి వెళ్లే డబ్బు సంగతి ఇంకా వింతగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. 2022 జనవరిలో పెంచిన అంకెలివి. ఈ పరిమితిని అమలు చేయడానికి ఉన్న ఏర్పాటు చూస్తే ముచ్చటేస్తుంది. జిల్లా ఎన్నికల అధికారి ఒక ధరల పట్టిక తయారు చేస్తారు. టీకి ఎంత, టిఫినుకు ఎంత, బిర్యానీ ప్యాకెట్టుకు ఎంత, కుర్చీ అద్దె ఎంత, షామియానాకు, మైకుకు, డప్పుల బృందానికి, కండువాకు ఎంత. పార్టీల వాళ్లను పిలిచి సమావేశం పెడతారు, అక్కడ టీ ధర మీద బేరాలు కూడా నడుస్తాయి. సభ జరిగితే వీడియో బృందం వచ్చి కుర్చీలు లెక్కపెట్టుకుంటుంది. అభ్యర్థి రాసుకున్న పుస్తకం ఒకటి, అధికారులు రాసే షాడో రిజిస్టరు ఒకటి. రెండూ సరిచూడటానికి వ్యయ పరిశీలకుడు వస్తాడు.

కుర్చీలు లెక్కపెడుతున్న ఆ రాత్రే పక్క వీధిలో కవర్లు పంచుతుంటారు. రెండు లక్షల ఓటర్లున్న నియోజకవర్గంలో సగం మందికి వెయ్యి చొప్పున ఇస్తే పది కోట్లు. చట్టం ఒప్పుకున్న ఖర్చుకు అది పాతిక రెట్లు. 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికలో తమకు కవర్లు అందలేదని కొన్ని ఊళ్లలో జనం రోడ్డెక్కిన దృశ్యాలు టీవీల్లో వచ్చాయి. పంచడం తప్పు అన్న మాట పోయి, అందరికీ పంచకపోవడం తప్పు అన్న దగ్గరికి వచ్చింది వ్యవహారం. మరోవైపు గెలిచినవాళ్లు సమర్పించే లెక్కలు సగటున పరిమితిలో సగం దగ్గరే తేలుతుంటాయి. అయినా పరిమితి చాలడం లేదు, పెంచాలని అడిగేదీ వాళ్లే.

2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో నవంబరు 20 నాటికే 659 కోట్ల విలువైన నగదు, మద్యం, బంగారం, కానుకలు పట్టుకున్నట్టు ఎన్నికల సంఘం ప్రకటించింది. ఆ విడత ఎన్నికలు జరిగిన అయిదు రాష్ట్రాల్లో అదే ఎక్కువ. అందులో ఆసుపత్రికి పోతున్నవాళ్లవి, పత్తి అమ్ముకున్న రైతులవి, పెళ్లి బంగారం కొనుక్కొస్తున్నవాళ్లవి ఎన్ని ఉన్నాయో తీసేస్తే ఎంత మిగులుతుందో చెప్పడం కష్టం. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు 50 వేలకు మించి నగదు తీసుకెళ్తే కాగితాలు చూపాలి. ఆ నిబంధన చెక్‌పోస్టు దగ్గర ఆగే బైకు మనిషికి గట్టిగా తగులుతుంది. నెలల ముందే ఊళ్లకు చేరి నమ్మకస్తుల ఇళ్లలో దాగిన డబ్బుకు కాదు.

నగదు బయటపడి ఎన్నిక రద్దయిన సందర్భాలున్నాయి. తమిళనాడులో 2019 వెల్లూరు లోక్‌సభ ఎన్నిక అలా ఆగింది. డబ్బు కారణంగా లోక్‌సభ ఎన్నిక రద్దు కావడం అదే మొదలు. ఆగస్టులో మళ్లీ ఎన్నిక పెట్టారు. పాత అభ్యర్థులే మళ్లీ నిలబడ్డారు.

ఈ నగదు మీదే గురి అని చెప్పి 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దు చేశారు. రద్దయిన 15.41 లక్షల కోట్లలో 15.31 లక్షల కోట్లు బ్యాంకులకు తిరిగి వచ్చాయని రిజర్వు బ్యాంకు 2018లో చెప్పింది. అంటే 99 శాతం దాటింది. నల్లధనం నోట్ల కట్టల రూపంలో మంచం కింద పడుకుని ఉండదు. భూమి రిజిస్ట్రేషన్ విలువకు, అసలు ధరకు మధ్య తేడాలో పుడుతుంది, ఇసుక లారీలో పుడుతుంది, కాంట్రాక్టు అంచనాలు పెంచిన చోట పుడుతుంది. ఎన్నిక వచ్చినప్పుడు మాత్రం నోటు రూపంలోకి మారుతుంది. పాత నోటు పోతే కొత్త నోటు రూపంలోకి వస్తుంది.

అభ్యర్థికి 40 లక్షల గీత గీసిన చట్టం పార్టీకి ఏ గీతా గీయలేదు. దీనికి వెనక ఒక చిన్న చరిత్ర ఉంది. పార్టీ పెట్టిన ఖర్చును కూడా అభ్యర్థి లెక్కలోనే కలపాలని 1974 అక్టోబరులో కన్వర్ లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. రోజులు గడవకముందే ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి తీర్పును పక్కన పెట్టింది. పార్టీ, స్నేహితులు పెట్టే ఖర్చు అభ్యర్థిది కాదని చట్టంలో వివరణ చేర్చింది. ఆ తర్వాత నిబంధనలు కొంత బిగించి, స్నేహితుల ఖర్చును అభ్యర్థి లెక్కలోకి తెచ్చారు. పార్టీ సాధారణ ప్రచారం, స్టార్ ప్రచారకుల హెలికాప్టర్లు మాత్రం ఇప్పటికీ ఆ లెక్కకు బయటే.

ఆ 1974 తీర్పుకు అయిదేళ్ల ముందు 1969లో ఇందిరాగాంధీ ప్రభుత్వం కంపెనీల చందాలనే నిషేధించింది. కంపెనీలు ఇవ్వడం మానలేదు, చెక్కు రాయడం మానేశాయి. 1985లో నిషేధం ఎత్తేసేనాటికి సూట్‌కేసుల సంస్కృతి స్థిరపడిపోయింది. చందాను నిషేధిస్తే అది నేలమాళిగలోకి పోతుందని అప్పుడు తేలింది. పేరు లేకుండా అనుమతిస్తే మేడ మీదే ముసుగు వేసుకుని కూర్చుంటుందని బాండ్లతో తేలింది.

ఈ విషయంలో పార్టీల మధ్య ఉండే ఐకమత్యం ఇంకే విషయంలోనూ కనిపించదు. విదేశీ సంస్థల నుంచి చందాలు తీసుకుని బీజేపీ, కాంగ్రెస్ రెండూ చట్టాన్ని ఉల్లంఘించాయని 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కేసు నడవాల్సిన చోట చట్టమే వెనక్కి నడిచింది. 2016లో ఒకసారి, 2018లో మరోసారి సవరించి 1976 నుంచే వర్తించేలా విదేశీ సంస్థ అన్న మాటకు అర్థం మార్చారు. ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని 2013 జూన్ 3న కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించింది. ఒక్క పార్టీ కూడా సమాచార అధికారిని నియమించలేదు. బాండ్ల మీద కోర్టుకెక్కిన సీపీఎం, బాండ్లు తీసుకోని పార్టీ కూడా, ఈ ఆదేశం విషయంలో మాత్రం మిగతావాళ్ల పక్కనే నిలబడింది.

ఆలస్యంగా వచ్చే పేరు

బాండ్లు పోయాక పెద్ద కంపెనీల డబ్బు ఎలక్టోరల్ ట్రస్టుల వైపు మళ్లింది. 2013లో వచ్చిన ఏర్పాటు ఇది. కంపెనీలు ట్రస్టుకు ఇస్తాయి, ఆ ఏడాది వచ్చినదాంట్లో కనీసం 95 శాతాన్ని ట్రస్టు అదే ఏడాది పార్టీలకు పంచాలి. ఎవరి దగ్గర తీసుకుందో, ఎవరికి ఇచ్చిందో ట్రస్టు ఎన్నికల సంఘానికి చెప్పాలి. బాండ్లతో పోలిస్తే ఇది చాలా నయం. 2024-25లో ట్రస్టుల ద్వారా పార్టీలకు వెళ్లింది 3,800 కోట్లకు పైనే, అందులో 80 శాతానికి పైగా బీజేపీకి. కాకపోతే పది కంపెనీల నీళ్లు ఒకే తొట్టిలో పోసి, నాలుగు పార్టీలకు నాలుగు పైపులు పెట్టినట్టుంటుంది. ఏ కంపెనీ రూపాయి ఏ పార్టీకి పోయిందో ట్రస్టు జాబితా చూసి చెప్పలేం.

అంతకన్నా పెద్ద లోపం తేదీలో ఉంది. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకి, లోక్‌సభకు కలిపి పోలింగ్ జరిగింది. ఒక కంపెనీ ఏప్రిల్ చివరలో, పోలింగ్‌కు రెండు వారాల ముందు, ఒక పార్టీకి చెక్కు ఇచ్చిందనుకుందాం. అది 2024-25 ఆర్థిక సంవత్సరం కిందికి వస్తుంది. ఆ సంవత్సరం 2025 మార్చితో ముగుస్తుంది. పార్టీ చందాల నివేదిక గడువు ఆదాయపు పన్ను రిటర్ను గడువుతో ముడిపడి ఉంటుంది, అంటే అదే ఏడాది అక్టోబరు ప్రాంతానికి. నివేదిక ఇచ్చాక ఎన్నికల సంఘం స్కాన్ చేసి వెబ్‌సైట్లో పెట్టాలి. ఓటు వేసిన ఏడాదిన్నరకు ఆ చెక్కు ఎవరిదో ఓటరుకు తెలుస్తుంది. అప్పటికి ప్రభుత్వం ఏర్పడి రెండు బడ్జెట్లు అయిపోయి ఉంటాయి. టెండర్లు కూడా.

యూపీఐలో పది రూపాయల టీ డబ్బులు పడితే క్షణంలో మెసేజ్ వచ్చే దేశంలో కోట్ల చందా బయటపడటానికి పద్దెనిమిది నెలలు పట్టడం సాంకేతిక సమస్య కాదు. ఎన్నికల కాలంలో పెద్ద చందాను వారంలోపు వెబ్‌సైట్లో పెట్టాలని ఒక నియమం, మొత్తం ఎంతైనా సరే ఒక మనిషి ఏడాదిలో ఇచ్చిన నగదు పాన్ నంబరుతో కలిసి లెక్కకు రావాలని ఒక నియమం, పార్టీ ఖర్చుకూ ఒక గీత. ఈ మూడూ కొత్త ఆలోచనలు కావు, ఇందులో ఏదో ఒక రూపం లా కమిషన్ నివేదికల్లోనో, ఎన్నికల సంఘం లేఖల్లోనో ఎప్పటి నుంచో ఉంది. పార్టీల ఎన్నికల ఖర్చులో కొంత ప్రభుత్వమే భరించాలని 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ చెప్పిన మాట కూడా అప్పుడప్పుడూ చర్చకు వస్తుంది. కవర్ల పంపకం ఆగనంత కాలం ఖజానా డబ్బు అదనపు ఆదాయం అవుతుంది తప్ప నల్లడబ్బు స్థానంలోకి రాదు. ముందు పుస్తకాలు తెరవాలి, ఇచ్చేది తర్వాత సంగతి. పార్టీ లెక్కలను పార్టీ ఎంచుకున్న ఆడిటరే తనిఖీ చేసే పద్ధతి ఉన్నంత కాలం ఆ పుస్తకాలు తెరిచినా చదవడానికి పెద్దగా ఏమీ ఉండదు.

పట్నా కవరు సంగతి మిగిలింది. స్టేట్ బ్యాంకు బయటపెట్టింది 2019 ఏప్రిల్ 12 తర్వాతి వివరాలు. పార్టీలు తమ బాండ్ల వివరాలు సీల్డు కవర్లో ఇవ్వాలని సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చిన రోజది. ఆరేళ్లలో అమ్ముడైన బాండ్లు మొత్తం 16,518 కోట్లవి, పేర్లు బయటికొచ్చినవి 12,155 కోట్లవి. అంతకుముందు అమ్మిన 4,000 కోట్లకు పైగా బాండ్ల పేర్లు కూడా ఇవ్వాలని అడిగితే 2024 మార్చిలో కోర్టు ఒప్పుకోలేదు. జేడీయూ ఆఫీసుకు ఏప్రిల్ 3న చేరిన ఆ పది బాండ్లు వాటిలో ఉన్నాయి.